గోడపత్రికయును కళయే

ఓటు హక్కును గూర్చి యువ చిత్రకారులు గీచి పంపిన గోడపత్రికలను, ఇటీవల ఒక చిత్రకళా ప్రదర్శన నిర్వాహకులు, ఇవి ప్రచార సామగ్రియే గాని కళాఖండములు గావని చెప్పి, చుట్టలు విప్పి చూడకయే త్రిప్పి పంపినారు. ఏది ప్రదర్శింపవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము వారికి కలదు. వారు చెప్పిన కారణమును మాత్రము మేము అంగీకరింపజాలము.

1980 ఆగస్టులో పోలెండు దేశమందలి గ్డాన్స్క్ నౌకానిర్మాణశాలలో కార్మికులు సమ్మెకట్టి లోపలనే ఉండిపోగా, ద్వారము నొద్ద గుమిగూడిన జనులు ఒకరినొకరు త్రోసికొనక, ఒకరిపై నొకరు ఆనుకొని నిలిచియుండుటను యెర్జీ యానిషెవ్‌స్కీ యను యువ చిత్రకారుడు గమనించినాడు. ఆ సమ్మెనుండి పుట్టిన సాలిడారిటీ యను కార్మిక సంఘపు నామమును అతడు ఎఱ్ఱని రంగుతో, ఒండొంటి నొరసికొను వంకర యక్షరములతో, ఆ జనసమూహము వలెనే తీర్చి, ఒక యక్షరపు కొమ్మునుండి జాతీయ పతాకమును ఎగురవేసి, ఇది ఒక కర్మాగారపు తగవు గాదు, జాతి సమస్తపు కోరిక యని తెలిపినాడు. పిడికిలిగాని, నాయకుని ముఖముగాని అందు లేవు. ఏ యక్షరమును తొలగించినను ప్రక్కదానికి ఆధారము తప్పునేమో యని చూపరికి తోచును. రేఖలో ఇంతటి భావమును నిలిపినవానిని కళాకారుడు గాడనుటకు ఏ శాస్త్రము సమ్మతించును?

1981 డిసెంబరు 13న సైనిక శాసనము విధింపబడినది. మరుసటి యేట సంఘమే రద్దయినది. సాలిడారిటీ ముద్రను ధరించుట అపాయమైనప్పుడు, జనులు ప్రతిఘటనకు గుర్తుగా రేడియోలలో వాడు చిన్న రెసిస్టరును కోటునకు గ్రుచ్చికొని తిరిగినారు. ప్రచారమునకే అంతటి శక్తి కలదేని, ముద్రణాలయములన్నియు చేతనున్న పాలకుల నినాదములు జనహృదయమునకు ఏల హత్తుకొనలేదు?

సాలిడారిటీ తిరిగి గుర్తింపు పొంది పోటీచేసిన 1989 జూన్ 4 నాటి ఎన్నికలకు తొమాష్ సార్నెత్స్కి చేసిన గోడపత్రిక ఇంకను గొప్పది. ‘హై నూన్’ చలనచిత్రమందలి షెరీఫుగా గ్యారీ కూపర్ నడచివచ్చుచుండును. కుడిచేతిలో రివాల్వరునకు మారుగా ఓటుపత్రము, ఱొమ్మున తారకకు పైగా సాలిడారిటీ ముద్ర. అమెరికా పడమటి సీమల బొమ్మను అరువు తెచ్చిరని నాటి పాలకపక్షము పరిహసించినదట. అరువు తెచ్చినది నిజమే. కాని ఆ కథలో ఊరంతయు విడిచిపోగా షెరీఫు ఒంటరిగా నిలువవలసివచ్చినది. ఈ చిత్రములో అతని వెనుక, మనుష్యులవలె ఆనుకొనియున్న ఆ ఎఱ్ఱని యక్షరములు నిలిచినవి. కథ నెఱిగిన వారికి ఈ మార్పును ఒక్క మాటయైనను లేకుండ తెలియజేయుట కవిత్వము గాక మఱేమి? రెండు విడతలు ముగియునప్పటికి దిగువసభలో పోటీకి విడిచిన 161 స్థానములును, సెనేటులో 100కు 99 స్థానములును సాలిడారిటీ పక్షమునకే దక్కినవి. గోడపత్రికయే గెలిపించినదని మేమనము. గెలువగోరిన జనుల మనస్సును అంత సూటిగా పట్టిన రచన మాత్రము మఱియొకటి మాకు కనబడలేదు.

త్రిప్పి పంపబడిన ఆ గోడపత్రికలను, చిత్రకారుల యనుమతితో, వచ్చు సంచికయందు రంగులలో ముద్రించుచున్నాము. నిర్వాహకులు సమాధానము పంపినచో అదే సంచికలో ప్రకటింతుము.