ప్రక్కన పెట్టిన అంకెలు



సెప్టెంబరు 16వ తేదీని లోకమంతట ఓజోన్ దినముగా పాటించుచున్నారు. దాని వెనుకనున్న ఒక సంగతి క్రైస్తవ కుటుంబములు తెలిసికొనదగినదని తలంచి ఈ మాసము మీ ముందుంచుచున్నాము.

సృష్టికర్త మన తలలకు పైగా ఉంచిన కాపుదలలలో ఓజోన్ పొర ఒకటి. సూర్యుని అతినీలలోహిత కిరణములలో హానికరమైన వాటిని అది అడ్డగించి మన చర్మమును, కండ్లను, పైరులను కాపాడుచున్నది. ఆకాశములో చెదరియున్న ఆ వాయువునంతటిని నేలమీదికి దింపి పరచినయెడల దాని మందము సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే! దీనినే శాస్త్రజ్ఞులు 300 డాబ్సన్ యూనిట్లందురు.

1978 అక్టోబరులో అమెరికావారు నింబస్-7 అను ఉపగ్రహమును పంపిరి. గాలిలోనుండి పైకి తిరిగివచ్చు సూర్యకాంతిని అందులోని టామ్స్ అను పరికరము పట్టుకొనెడిది. ఓజోన్ ఎక్కువగా మ్రింగివేయు కిరణములు ఎంత వచ్చినవి, తక్కువగా మ్రింగునవి ఎంత వచ్చినవి అని పోల్చి, ఏ చోట ఎంత ఓజోన్ ఉన్నదో లెక్కకట్టెడివారు.

అయినను ఓజోన్ రంధ్రమును గూర్చి లోకమును మేల్కొలిపినది ఆ ఉపగ్రహము కాదు. అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రమున నేలమీదనుండి తీసిన కొలతలను బట్టి జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1985 మే నెలలో ఆ వార్తను ప్రకటించిరి. పూర్వము అక్టోబరు మాసములో 300 యూనిట్లుండిన చోట 1984 నాటికి సుమారు 200 మాత్రమే మిగిలెను.

మరి పైనుండి చూచుచున్న ఉపగ్రహమునకు అది కనబడలేదా? కనబడెను. అయితే 180కి తక్కువైన అంకె వచ్చినయెడల దానిని అనుమానింపదగినదిగా గుర్తు పెట్టునట్లు కంప్యూటరును ముందుగానే ఏర్పరచిరి. అంత తక్కువ ఎవరును ఎన్నడును చూచి యుండలేదు గదా! ఆ అంకెలను పారవేయలేదు గాని, అవి నిజమో పరికరపు దోషమో తేలువరకు ప్రక్కన ఉండెను. తరువాత ఆ అంకెలే ఆ కొరత అంటార్కిటికా ఖండమంతట వ్యాపించెనని చూపెను.

ప్రియులారా, మన గృహములలోను ఇట్టి అంకెలున్నవి. భోజనము దగ్గర మాటలాడుట మానిన కుమార్తె, నెల ఖర్చులో లెక్క తేలని సొమ్ము, తండ్రి అడుగుల చప్పుడు విని లోపలి గదిలోనికి పోవు చిన్నవాడు. ఇవన్నియు మనకు కనబడుచునే యున్నవి. “మనది ప్రార్థన గల ఇల్లు, ఇక్కడ అట్టిది జరుగదు” అని వాటిని ప్రక్కన పెట్టుచున్నాము. దావీదు తన అంచనాను నమ్ముకొనక, తన్ను పరిశోధించుమని 139వ కీర్తనలో దేవునినే వేడుకొనెను.

ఇంకొక మాట. సత్యము తెలిసిన రెండేండ్లకే, 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్ పట్టణమున దేశములు కూడుకొని, ఫ్రిజ్‌లలోను స్ప్రేలలోను వాడబడు క్లోరోఫ్లోరోకార్బనులను తగ్గించుటకు ఒప్పందము చేసికొనెను. మన దేశము 1992లో అందులో చేరెను. అయినను అంటార్కిటికా మీది పొర 1980 నాటి స్థితికి వచ్చుటకు సుమారు 2066 వరకు పట్టునని 2023 జనవరిలో ఐక్యరాజ్యసమితి తెలిపెను. విడిచిపెట్టిన వాయువు అనేక దశాబ్దములు ఆకాశములో నిలిచియుండును.

తండ్రి త్రాగుడు మానిన దినముననే పిల్లల భయము పోదు. “నేను మారితిని గదా, ఇంకను నమ్మరేమి?” అని కోపపడవద్దు. దేవుని క్షమాపణ ఆ దినముననే దొరకును. ఇంటివారి గాయము మానుటకు మాత్రము మనము ఓర్పుతో కనిపెట్టవలెను.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత దీపము ఆర్పకమునుపు ఒకరినొకరు అడుగుడి: “మన ఇంటిలో మేము చూడక ప్రక్కన పెట్టినది ఏమైన ఉన్నదా?” చిన్నవారిని మొదట మాటలాడనియ్యుడి. పెద్దవారు మధ్యలో అడ్డుపడక విందురు గాక.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.