పడవ కొన్నవారు పడవసాల కట్టవలదా?

ఈ నెల మినుములో తెల్లదోమను గూర్చి వ్రాయుదునని కిందటి సంచికలో మాట యిచ్చితిని. ఆ మాటను ఒక నెల వాయిదా వేయుచున్నాను. సభ్యులు మన్నింతురు గాక. కారణమేమనగా, పది దినముల క్రిందట మన మండలములోని శ్రీకాకుళము వైపు కరకట్టమీద పోవుచుండగా ఒక తుమ్మచెట్టు క్రింద కొయ్యపడవ కనబడినది. ఇరువది నాలుగడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల పడవ. మంచి పలకలతో చేయించినది. దాని కొక ప్రక్క ఎద్దును కట్టివేసిరి. రెండవ ప్రక్క పిడకలు కొట్టి యున్నవి. పలకల సందులలో నా చిటికెన వ్రేలు దూరినది. ఆసామి నెరిగినవాడనే గనుక, "బాబాయిగారూ, ఇదేమండీ?" అని యడిగితిని. "లంకలో అరటి దింపుకొనుటకు అప్పు చేసి కొన్నదే నాయనా. కిందటి వరదలో దింపితే సగము దారిలోనే నీళ్లు నిండినవి. కట్టినవాడు మోసము చేసినాడు" అని ఆయన చెప్పెను.

కట్టినవాడు మోసము చేయలేదని నా నమ్మకము. ఆ పడవను మూడు వేసవులు ఎండలో మాడ్చి, నాలుగవ యేట ఒక్క పూట ముందుగానైనను నానబెట్టక నీటిలోనికి త్రోసిరి. కొయ్య చేయవలసిన పనియే కొయ్య చేసినది.

పాడిగేదెకు అప్పు కోరువానిని, "కట్టివేయుటకు చావిడి యున్నదా?" అని మన సంఘములు అడుగును. ట్రాక్టరు కొన్నవాడు ఏదో యొక రేకుల పంచ వేయకపోడు. పడవకు అప్పిచ్చునప్పుడు మాత్రము జామీను ఎవరని అడుగుదురే కాని, ఆ పడవ రాత్రి ఎక్కడ పండుకొనునని ఒక్కరును అడుగరు. అప్పునకు హామీగా నున్న వస్తువు ఎండకు పగిలి పోవుచుండగా సంఘము వడ్డీ లెక్క కట్టుకొని కూర్చుండుట వివేకము కాదు. పడవ కొనువాడు తన సొంత స్థలములో, కొంచెము పెద్దదిగానే, పడవసాల కట్టుకొనవలెననియు, సంఘము ఆ సాలకును అప్పు ఈయవలెననియు నా యభిప్రాయము.

ఘంటసాలవారికి పడవల సంగతి చెప్పుట కొంచెము సిగ్గుగానే యున్నది. రెండవ శతాబ్దమున టాలెమీ యను గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు కంటకోస్సుల యని వ్రాసిన వర్తకస్థానము మన యూరేయని పండితులు చెప్పుదురు. ఇచ్చట దొరికిన ప్రాచీన శాసనములలో ఒకదానియందు శివకుడను మహానావికుని పేరున్నది. అంత దూరము పోనక్కరలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప త్రవ్విన కాలువలు నీరు పారుటకే గాక పడవలు నడచుటకును ఏర్పడినవి. లాకులు అందుకొరకే కట్టిరి. మన తాతలు ధాన్యమును బందరుకు పడవమీదనే పంపిరి. రైలును, లారీయు వచ్చిన పిదప లాకు తలుపులు తుప్పుపట్టినవి. పడవను కాచుకొను తెలివియు వానితోనే పోయినది.

కాని నీరు మనలను విడిచిపోలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీదికి వచ్చిన ఉప్పెనలో ముప్పదివేల మంది పోయిరని చరిత్రలలో నున్నది. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైగా జనులు మడసిరి. ఆ కెరటము ముందు చిన్న పడవ ప్రాణము కాచునని నేను చెప్పను. అట్లు చెప్పువాని మాట నమ్మవద్దు. హెచ్చరిక వచ్చినప్పుడు పక్కా భవనమునకు పోవుటయే దారి. పడవ అక్కర పడునది తరువాతి దినములలో. బాటలు తెగి, ఊళ్లు దీవులై, త్రాగునీరును మందులును చేరవలసిన దినములలో. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను కృష్ణ పొంగినప్పుడు లంకలవారు చూచినది ఇదియే. 2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బరాజునుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు వచ్చినది. అదే వరదలో కట్లు తెంచుకొని వచ్చిన పడవలు బరాజు గేట్లను ఢీకొని, వాని బరువుదిమ్మలను విరుగగొట్టిన సంగతి అందరును ఎరుగుదురు. నిలువ నీడలేని పడవ తాను చెడుటయే గాక పరులను చెరుచుననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

చిన్ననాడు మిషను బడిలో మాకు నోవహు ఓడ కథ చెప్పిరి. ఓడ పొడవెంత, వెడల్పెంత, ఎన్ని అంతస్తులు అన్నియు కంఠస్థము చేయించిరి. వాన వెలసిన తరువాత ఆ ఓడ నెక్కడ పెట్టెనని నేనడిగితిని. పంతులుగారు బల్లమీద నిలువబెట్టిరి. నా ప్రశ్న తప్పు కాదని ఇప్పుడు తోచుచున్నది.

"ఫైబరు పడవకు సాల యెందుకు? అది చెదలు పట్టదు, కుళ్లదు" అని యమ్మువారు చెప్పుచున్నారు. చెదలు పట్టని మాట నిజమే. కాని మన ఎండలోని అతినీలలోహిత కిరణములకు దాని మెరుగుపూత సుద్దవలె పొడియై రాలును. పూత పోయిన చోట గాజునార బయటపడి నీరు పీల్చును. వెల్లకిలగా వదలినచో వాననీరు నిండి, ఆ బరువునకు అడుగు వంగును. కొయ్యపడవ కష్టము వేరు. దానికి ఎండయు పనికిరాదు, మితిమీరిన పొడియు పనికిరాదు. పలక ఎండినచో ముడుచుకొని సందు విచ్చును. తడిసినచో ఉబ్బి సందు పూడును. అందుచేత కొయ్యపడవ పెట్టు సాలకు సిమెంటు నేల వేయరాదు. ఇసుక పరచిన మట్టినేల యుండవలెను. వేసవిలో అప్పుడప్పుడు గోనెపట్టాలు తడిపి లోపల పరచవలెను. వరదకాలమునకు ముందే సందులలో నార కూరి, తారు పూసి, కొన్ని దినములు నీటిలో నాననిచ్చి, పలకలు ఉబ్బి సందులు కలిసిన పిదపనే బరువెక్కింపవలెను. సముద్రపు వేటకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు నిషేధ మున్నది గదా; మత్స్యకారులు ఆ దినములలో పడవలను ఒడ్డున పెట్టి మరమ్మతు చేసికొందురు. గిలకలదిండికి ఒకసారి పోయి చూచి రండు. ఈ పనిలో వారు మనకు గురువులు.

ఊరంతటికి ఒక్క ఉమ్మడి సాల చాలదా యని కొందరు మిత్రులు అడుగుచున్నారు. వెనుక నేనును అట్లే వాదించితిని. ఒక యూరిలో నా మాట విని కట్టిరి కూడ. రెండేండ్లకు తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో తెలియలేదు. వరద హెచ్చరిక వచ్చిననాడు తాళము పగులగొట్టి చూడగా, పడవకు అడ్డముగా పందిరి గుంజలును, ఉత్సవపు కుర్చీలును పేర్చి యున్నవి. అవి తీయువరకు చీకటి పడినది. నాటితో నా మనస్సు మారినది. వారమునకు రెండుమార్లు లంకకు పోవువాడే పడవను కనిపెట్టి యుండగలడు. ఎడ్ల మెడలోని గంట సడి ఇంటివానికే తెలియును. సాల అతనిదే కావలెను. ఆపద వచ్చినప్పుడు పడవను ఊరికీయవలెనన్న షరతును మాత్రము అప్పు పత్రములోనే వ్రాయించుకొనవలెను.

ఎక్కడ కట్టవలెననునది చిక్కు ప్రశ్న. పడవకు రేవు దగ్గరనే యుండవలెనని తోచును. కాని కరకట్టకు నదివైపున, లంకలో, కట్టిన సాలను మొదటి పెద్దవరదయే పడవతో కూడ తీసికొనిపోవును. పైగా నదీగర్భమునందు కట్టడములు 1884 నాటి నదీ సంరక్షణ చట్టమునకు విరుద్ధము. కరకట్టను చెక్కి చోటు చేసికొందమను ఆలోచన అంతకంటె చెడ్డది. అక్కడనే గండి పడును. కట్టకు ఊరివైపున, బండిబాట కట్ట నెక్కుచోటికి దగ్గరగా, సొంత స్థలమున కట్టుట మేలు. పడవను కట్ట దాటించుట కష్టమందురా, ట్రాక్టరున్నది గదా. పాత ట్రక్కు చట్రముమీద నాలుగు అడ్డదిమ్మలు బిగించి, వానికి గోనె చుట్టినచో పడవకు మంచి పడక యగును. పడవను రెండు చివరలమీదనే నిలిపినచో నడుము జారును. బరువు నాలుగు చోట్ల పడవలెను. ముందుభాగము జానెడెత్తు లేపి, అడుగున నీరు పోవు బిరడా తీసి యుంచవలెను.

కొలతలలో పిసినారితనము కూడదు. పైన చెప్పిన పడవను ట్రక్కు మీదనే యుంచుటకు ముప్పదియారడుగుల పొడవు, పదునాలుగడుగుల వెడల్పు కావలెను. ఒకవైపు మూడడుగులు మనిషి తిరుగుటకు, రెండవవైపు అయిదడుగులు తెడ్లు, గడలు, మోకులు, ఇంజను పెట్టు బల్ల కొరకు. మొత్తము 504 చదరపు అడుగులు, అనగా 56 గజములు; సెంటు కంటె కొంచెము ఎక్కువ. "ముప్పదడుగులు చాలులెండి" యని మేస్త్రీలు చెప్పుదురు. వారు పడవను కొలుతురే కాని దానిచుట్టు తిరుగవలసిన మనిషిని కొలువరు.

మన నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు బీటలు వారును. కావున పునాది ఆ బీటలు దిగు లోతుకంటె క్రిందికి పోవలెను. గోతిలో మరల నల్లమట్టి పోయక ఇసుకతో నింపవలెను. నేలమట్టమును పొలముకంటె రెండడుగులు లేపి, గుమ్మము ముందు ఇరువదడుగుల వాలుబాట వేసినచో ట్రక్కు సులువుగా ఎక్కును. తలుపు పడమర ముఖముగా నుండుట మంచిది. తుపాను గాలి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా సుడి తిరుగును. 1977లో వలె అది మనకు దక్షిణముగా తీరము దాటినచో గాలి ఈశాన్యమున మొదలై, తూర్పునకు తిరిగి, ఆగ్నేయమునకు పోవును. ఆ ముఖమున వెడల్పైన తలుపున్నచో గాలి లోపల జొరబడి కప్పును గొడుగువలె ఎత్తివేయును. కప్పు నాలుగు వైపులకు వాలుగా నుండవలెను. వాసములను దూలములకు, దూలములను స్తంభములకు ఇనుపపట్టీలతో బిగింపవలెను, మేకులు చాలవు. రేకులైనచో అంచులలో బోల్టులు దగ్గర దగ్గరగా వేయవలెను. స్తంభములకు సరుగుడు చౌక యని మనవారు పాతుదురు. నేలలోనున్న భాగము కొద్ది యేండ్లలో పుచ్చిపోవును. చేవగల పాత తాడియో, సిమెంటు స్తంభమో మేలు. చుట్టలు చుట్టుకొను ఇనుప షట్టరు నేను ఒప్పను. ఉప్పుగాలికి తుప్పు పట్టి, కావలసిననాడే కదలదు. పాత అంగళ్లకుండిన పలకతలుపులు, ఒక్కొక్క పలక గాడిలోనుండి తీయునవి, ఇచ్చట బాగుగా పనిచేయును. వెలుపల ఒండ్రు మేట వేసినను తీయవచ్చును.

సాల లోపల నాలుగు గట్టి గుంజలు పాతి, పడవను ముందు వెనుకల మోకులతో కట్టవలెను. నీరు లోపలికి వచ్చినచో పడవ తేలును; కట్టనిచో గోడలను పొడుచును, బిగించి కట్టినచో మునుగును. మోకునకు తగినంత వదులుండవలెను. చీకటిలో లోపలికి పోవువారు ముందు దీపము చూపి పోవుడు; వరదకు కట్లపాము మనకంటె ముందుగా ఎత్తైన చోటు వెదకుకొనును.

కట్టిన పిదప వచ్చు ముప్పు ఇంటిలోనిదే. ఖాళీచోటు కనబడగానే యూరియా బస్తాలు దింపుదురు. అవియు, పొటాషు బస్తాలును చెమ్మ పీల్చి ఇంజను ఇనుమును తినివేయును. పెట్రోలు డబ్బా ప్రక్కన వరిగడ్డి వేయువారిని కూడ చూచినాను. ఇంజనులో పెట్రోలు నెలల తరబడి నిలిచినచో జిగురు కట్టును గనుక తీసి పెట్టవలెను. ఎదురుమొండి, నాగాయలంక దిక్కున ఉప్పునీట నడిపిన ఇంజనును మంచినీటితో కడుగక లోపల పెట్టరాదు.

ఇక మన డైరెక్టర్లకు మనవి. వచ్చు మహాజనసభలో పడవ అప్పుల విషయము చర్చకు వచ్చునని వింటిని. పడవ వెలతోపాటు సాల ఖర్చును కలిపి ఒక్కటే అప్పుగా మంజూరు చేయుడు. సాల కప్పు పడిన పిదపనే పడవ సొమ్ము చెల్లింపుడు. ఏటేట మే నెలలో ఎవరైన ఒకరు పోయి, పడవ యున్నదా, బస్తాలున్నవా యని చూచి రావలెను. అప్పు మొత్తము పెరుగునని కార్యదర్శిగారు సంకోచించుట సహజమే. మూడేండ్లలో పిడకల గోడయైపోవు పడవమీద ఇచ్చిన చిన్న యప్పు కంటె, పదేండ్లు నిలుచు పడవమీద ఇచ్చిన పెద్ద యప్పే వసూలగునని నేను వారితో వాదింప సిద్ధముగా నున్నాను.

తుమ్మచెట్టు క్రింది పడవకు కొత్తగా నార కూర్పించుటకు మనిషిని పిలిపించినారట. ఆసామి ఇటుకలకు బయానా కూడ ఇచ్చినాడని నిన్న కబురు వచ్చినది. సాల పొడవు ముప్పదడుగులే అనుకొన్నారట. ఆదివారమునాడు కొలతాడు తీసికొని నేను పోవుచున్నాను.