జోలె పట్టిన ప్రయోగశాల

మన ప్రవాస తెలుగు సంఘాల వేడుకల్లో శాస్త్రవేత్తలను సత్కరించే ఆనవాయితీ చాలాకాలంగా ఉంది. పిల్లల నృత్యాలకూ భోజనాలకూ మధ్య వేదిక మీదికి పిలుస్తాం, శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫొటో దిగుతాం. ఆ వచ్చినవారు క్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్నారంటే చప్పట్లు ఇంకాస్త గట్టిగా మోగుతాయి. కానీ ఏ క్యాన్సర్ మీద, ఎంతవరకు వచ్చింది, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఆయన తనంతట తాను చెప్పబోతే రెండు నిమిషాల్లో ముగించమని చీటీ అందుతుంది. ఇక విరాళం మాట ఎత్తితే సభలో అందరికీ ఇబ్బందే. శాస్త్రవేత్త ప్రయోగశాలలో తల వంచుకుని తన పని తాను చేసుకోవాలి గాని, జనంలోకి వచ్చి చెయ్యి చాపడమేమిటన్న భావం, పైకి అనకపోయినా, మనలో చాలామందికి ఉంది. ఆ భావం సరైనది కాదని, క్యాన్సర్ పరిశోధకుడు ప్రజల ముందుకు వచ్చి తన పని వివరించడం, దానికి నిధులు అడగడం ఆ పరిశోధనలో భాగమేనని ఈ సంచికలో మా వాదన.

మౌనంగా పనిచేసిన శాస్త్రవేత్త అనగానే మనకు మొదట గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేశారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారారు. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది, బోదకాలుకు హెట్రజాన్ మందు తెచ్చింది ఆయన నడిపించిన బృందాలే. పేరు కోసం పాకులాడలేదన్నది ఆయన గురించి మనం ఎక్కువగా చెప్పుకునే మాట. అది గొప్ప గుణమే, సందేహం లేదు. అయితే ఆయన బృందం చేసిన మరో పని తర్వాతి కథ కూడా మనం తెలుసుకోవాలి. కణం రెండుగా చీలి పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని పోలి ఉండి దాని పని మాత్రం చెయ్యని పదార్థాన్ని అందిస్తే, కణం అసలుదనుకుని తీసుకుని ఎదగలేక ఆగిపోతుంది. అలాంటి మందు అమినోప్టెరిన్ లెడర్లీ నుంచి బోస్టన్ పిల్లల ఆసుపత్రికి, డాక్టర్ సిడ్నీ ఫార్బర్ చేతికి 1947 చివర్లో చేరింది. ల్యుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో గుణం కనిపించిందని ఫార్బర్ బృందం 1948 జూన్‌లో ప్రకటించింది. కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. అయినా ఆ జబ్బును మందుతో వెనక్కి నెట్టవచ్చని వైద్యలోకానికి బలమైన ఆధారం దొరికింది అప్పుడే. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఫార్బర్ రోగుల మధ్య తిరిగే వైద్యుడిగా పేరు తెచ్చుకున్నవాడు కాదు. పాథాలజిస్టు, ఆసుపత్రి నేలమాళిగలో సూక్ష్మదర్శిని ముందు కూర్చునే మనిషి. తాత్కాలికంగా తగ్గిన జబ్బును శాశ్వతంగా తగ్గించాలంటే ఎన్నో ఏళ్ల పని, మనుషులు, గదులు కావాలని ఆయనకు అర్థమైంది. సినిమా, వినోద వ్యాపారులు నడిపే వెరైటీ క్లబ్ న్యూ ఇంగ్లండ్ శాఖతో చేయి కలిపారు. 1948 మే 22న రాల్ఫ్ ఎడ్వర్డ్స్ నడిపే రేడియో కార్యక్రమం కోసం బోస్టన్ ఆసుపత్రిలో 12 ఏళ్ల కుర్రాడి మంచం పక్కన మైకు పెట్టారు. నీకిష్టమైన బేస్‌బాల్ ఆటగాళ్లెవరని ఎడ్వర్డ్స్ అడగడం, కుర్రాడు ఒక్కో పేరు చెప్పడం, ఆ ఆటగాడు తలుపు తీసుకుని గదిలోకి రావడం! బోస్టన్ బ్రేవ్స్ జట్టు అలా మంచం చుట్టూ చేరింది. కుర్రాడి వైపు ప్రసారం ఆపాక, ఈ అబ్బాయికి క్యాన్సర్ అని, ఆ సంగతి అతనికి తెలియదని, 20,000 డాలర్లు పోగైతే ఆటలు చూడడానికి టెలివిజన్ కొనిస్తామని ఎడ్వర్డ్స్ శ్రోతలకు చెప్పాడు. 2,31,000 డాలర్లకు పైగా వచ్చాయి. ఆ కుర్రాడికి పెట్టిన మారుపేరు మీద జిమ్మీ ఫండ్ అలా మొదలైంది.

ఇక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న కాలం గురించి. జనం చుట్టూ తిరిగే గంటలు ప్రయోగశాలకు నష్టమే కదా అంటారు. ఫార్బర్ విషయంలో జరిగింది చూడండి. ఆ నిధితో 1952 జనవరిలో ప్రత్యేక భవనం తెరుచుకుంది. వైద్యుడు, సామాజిక కార్యకర్త, పోషకాహార నిపుణుడు ఒకే కప్పు కింద బిడ్డనూ కుటుంబాన్నీ చూసుకునే పద్ధతి అక్కడ నిలదొక్కుకుంది. మూత్రపిండాల్లో వచ్చే విల్మ్స్ ట్యూమర్‌కు ఆక్టినోమైసిన్ పనిచేస్తుందని ఆయన బృందం తేల్చింది ఆ తర్వాతి ఏళ్లలోనే. అంటే అడగడానికి పెట్టిన కాలం పరిశోధనకే తిరిగొచ్చింది. 1980లో మొదలైన పాన్ మాస్ ఛాలెంజ్ సైకిల్ యాత్ర ఫార్బర్ స్థాపించిన సంస్థకే ఇప్పటిదాకా 100 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసింది. సైకిల్ తొక్కేవాళ్లలో వైద్యులు, శాస్త్రవేత్తలు, వ్యాధి నుంచి బయటపడ్డవాళ్లు కలిసే ఉంటారు. అమెరికాలో పిల్లల్లో ఎక్కువగా వచ్చే ల్యుకేమియా ఉన్న పిల్లల్లో నూటికి 90 మంది ఈనాడు ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. వాళ్ల చికిత్సలో ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తోబుట్టువే, లెడర్లీ నుంచే వచ్చింది. ఆ మందు పుట్టుకలో మన భీమవరం మనిషి మౌనం ఉంది, అది ఈ స్థాయికి రావడంలో బోస్టన్ మనిషి మాట ఉంది. మొదటిదాన్ని మాత్రమే పొగిడి రెండోదాన్ని చిన్నచూపు చూడడం న్యాయం కాదు. ప్రతి పరిశోధకుడూ వక్త కావాలని మేము అనడం లేదు. మాట రానివారిని మైకు ముందుకు తోయనక్కర్లేదు, బృందంలో ఒకరు ఆ పని చేస్తే చాలు.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. జబ్బుపడ్డ బిడ్డ ముఖం చూపి డబ్బు అడగడం ధర్మమేనా? లేని ఆశలు రేపడం కాదా? జిమ్మీ అసలు పేరు ఐనార్ గుస్తాఫ్సన్. ఆ పేరు బయటపెట్టకుండా ఫార్బర్ కాపాడిన తీరు గౌరవించదగ్గది. చనిపోయాడనే అందరూ అనుకున్న ఆ కుర్రాడు నిక్షేపంగా బతికి, లారీలు నడిపి, పిల్లల్ని కని, 50 ఏళ్ల తర్వాత లోకానికి కనిపించాడు. కానీ అతిగా ఆశ పెట్టిన సందర్భాలూ ఉన్నాయి, దాచి లాభం లేదు. 1969 డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్‌ను ఉద్దేశించి, మీరు తలచుకుంటే క్యాన్సర్‌ను నయం చేయగలరంటూ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వచ్చింది. ఆ ఉద్యమంలో వితరణశీలి మేరీ లాస్కర్‌తో పాటు ఫార్బర్ కూడా ముందున్నారు. 1971లో జాతీయ క్యాన్సర్ చట్టం వచ్చింది, ప్రభుత్వ నిధులు పెరిగాయి. 1976 నాటికి జబ్బును జయిస్తామన్న మాట మాత్రం నిలబడలేదు. క్యాన్సర్ అనేది ఒక్క జబ్బు కాదు కనుక నిలబడేది కూడా కాదు. దీనికి విరుగుడు శాస్త్రవేత్త నోరు మూసుకోవడం కాదు. 16 మందికి ఇచ్చాం, 10 మందికి గుణం కనిపించింది, అదీ కొంతకాలమే అని తన పత్రంలో రాసిన భాషలోనే వేదిక మీద మాట్లాడడం. ఆ మాత్రం నిజానికి జనం డబ్బివ్వరనుకోవడం జనాన్ని తక్కువ చేయడమే.

మాట్లాడకపోతే ఏమవుతుందో మన నేల మీదే చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఇస్తూ ఒక అధ్యయనం నడిచింది. ఖమ్మంలో వారిలో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చదువుకునే పిల్లలు. కొందరు బాలికలు చనిపోయారు, 2010లో అధ్యయనం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రాల మీద వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అదే రకం టీకా ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకే వేయించుకున్న బాలికల్లో ఈ క్యాన్సర్‌ను 87 శాతం తగ్గించిందని 2021లో తేలింది. భారతదేశంలో ఏటా లక్షమందికి పైగా స్త్రీలు కొత్తగా ఈ జబ్బున పడుతున్నారు. ఊళ్లోకి వెళ్లి, అరుగు మీద కూర్చుని, ఆ తల్లులకు వాళ్ల మాటల్లో చెప్పి, వాళ్ల అనుమానాలు విని మొదలుపెట్టి ఉంటే ఇన్నేళ్ల అపనమ్మకం మిగిలేది కాదని మేము గట్టిగా నమ్ముతున్నాం. జనంతో మాట్లాడడం పరిశోధన అయ్యాక చేసే ప్రచారం అనుకున్నవాళ్లు ఈ ఒక్క ఉదంతాన్ని తిరగేసి చూడాలి.

క్యాన్సర్ పేరు చెప్పి దండుకునేవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2015లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 50 రాష్ట్రాలూ కలిసి నాలుగు క్యాన్సర్ సంస్థల మీద కేసు వేశాయి. దాతలిచ్చిన 18.7 కోట్ల డాలర్లలో రోగులకు చేరింది బహు స్వల్పమని ఆరోపణ. అందుకే పరిశోధకుడే ఎదుట నిలబడి అడగాలంటున్నాం. ఫోన్‌లో అడిగే అపరిచితుణ్ణి నిలదీయలేం, ప్రయోగశాల నడిపే మనిషిని నిలదీయగలం. ఇక ఇది ప్రభుత్వాల బాధ్యత కదా అన్న మాట నిజమే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఏడాది బడ్జెట్ 700 కోట్ల డాలర్లు దాటింది, మన విరాళాలు దాని ముందు ఎంత? అయితే ప్రభుత్వ నిధి సాధారణంగా కొంత ఆధారం చూపిన ఆలోచనకే దక్కుతుంది. ఆ తొలి ఆధారం సంపాదించే డబ్బు చాలాసార్లు దాతలదే.

జోలె పట్టడం తెలుగువాళ్లకు నామోషీ కాదు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్.టి. రామారావు, అక్కినేని వీధుల్లో విరాళాలు అడిగారు. 2000లో హైదరాబాద్‌లో ప్రారంభమైన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి వెనుక అమెరికా తెలుగువారి కష్టార్జితం ఉంది. ఆసుపత్రి గోడకు, పడకకు, స్కానింగ్ యంత్రానికి మనం ఇస్తాం, ఎందుకంటే అవి కంటికి కనిపిస్తాయి. ఒక యువ పరిశోధకురాలి మూడేళ్ల జీతం, కణితి నమూనాలు భద్రపరిచే ఫ్రీజర్, జిల్లాలవారీగా రోగుల వివరాలు రాసే రిజిస్ట్రీ ఎవరికీ కనిపించవు, వాటి మీద పేరు చెక్కించుకోలేం. వాటికి ఇవ్వండి. ఇచ్చేముందు అడగండి: ఈ పని ఎప్పుడు విఫలమైందని ఒప్పుకుంటారు, లెక్కలు ఎక్కడ చూడవచ్చు, ఏడాదికోసారి మళ్లీ వచ్చి చెబుతారా? భారతదేశానికి సంఘం తరఫున పంపేటప్పుడు 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టాన్ని గుర్తుంచుకోండి. అందుకున్న సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదలాయించకూడదు, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. మీరు పనిచేసే కంపెనీ మీ విరాళానికి సమానంగా ఇచ్చే పథకం ఉంటే ఆ దరఖాస్తు నింపడానికి బద్ధకించవద్దు. రాబోయే వేడుకల కార్యవర్గానికి మా విన్నపం ఒక్కటే. క్యాన్సర్ పరిశోధకుల్ని పిలిచినప్పుడు శాలువాతో పాటు అరగంట సమయం, ప్రశ్నలకు మరో పావుగంట ఇవ్వండి. భోజనాలు కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు.