అందరి బాట

నీటి ఒడ్డున సాగే నడక శరీరానికి వ్యాయామం, మనసుకు విశ్రాంతి. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ సత్యాన్ని వేరొకరు బోధించనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల నీటితో ఈ సీమ సస్యశ్యామలమైంది. మండపేట వంటి పట్టణాల చుట్టూ వరిచేలు, కాలువ గట్లు, చెరువులు కనువిందు చేస్తాయి. అయితే ఆ గట్లమీద విహరించే భాగ్యం అందరికీ ఉన్నదా అన్నది ఆలోచించవలసిన విషయం.

చక్రాల కుర్చీలో కూర్చున్న యువతికి ఉద్యానవన ద్వారం వద్ద ఉండే రెండు మెట్లు రెండు కొండలతో సమానం. పశువులు చొరబడకుండా అమర్చే ఇరుకైన ఇనుప గేటు ఊతకర్రలతో నడిచేవారిని కూడా ఆపివేస్తుంది. గట్టు అంచు ఎక్కడ ముగుస్తుందో అంధునికి తెలిపే గుర్తు ఉండదు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే వృద్ధురాలికి నడుమ కూర్చునే బల్ల దొరకదు. లోపం వారి దేహాలలో కంటె బాటలోనే అధికంగా ఉన్నది.

ఇటువంటివారు ఎందరుంటారని కొందరు వాదించవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగుల సంఖ్య సుమారు 2 కోట్ల 68 లక్షలు. 2014లో భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది. కాని అంతకుముందు ఆ వ్యాధి బారినపడినవారు నేటికీ సమాజంలో జీవిస్తూనే ఉన్నారు. ఉద్యానవనంలో వారు కనిపించకపోవడం వారు లేరనడానికి సాక్ష్యం కాదు, రాలేకపోతున్నారనడానికి సాక్ష్యం.

దివ్యాంగులకు బాట వేయడం దయాధర్మం కాదు, అది వారి హక్కు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. ఇందుకు సంబంధించిన ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగలరాదని, తప్పనిసరి నిబంధనలు కావాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

సంకల్పం ఉంటే ఇది సాధ్యమేనని పొరుగు రాష్ట్రం నిరూపించింది. 2022 నవంబరులో చెన్నై మెరీనా తీరంలో ఇసుకపై కొయ్యబాటను ప్రారంభించగా, చక్రాల కుర్చీలలోనివారు అలల చెంతకు చేరగలిగారు. మరుసటి నెలలోనే తుఫానుకు అది దెబ్బతిన్నది. దానిని మరమ్మతు చేయవలసి వచ్చింది. నిర్మించడంతో బాధ్యత తీరదని, నిత్య సంరక్షణ కూడా అవసరమని ఈ అనుభవం బోధిస్తున్నది. తుఫానులకు అలవాటుపడిన డెల్టా ప్రాంతం ఈ పాఠాన్ని మరువరాదు.

ఇందుకు కావలసినవి అసాధారణమైనవేమీ కావు. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం 12 అడుగుల పొడవైన వాలు ఉండాలి. డెల్టాలోని బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలువారుతుంది. కనుక బాటకు గట్టి పునాది వేయాలి. నీటి వైపు అంచు కట్ట, చేతికి ఆసరా ఇచ్చే కమ్మీ, అక్కడక్కడ వెన్ను ఆనించుకొనే బల్లలు ఉండాలి. మండపేటకు సమీపంలోని కడియం నర్సరీలు దూరప్రాంతాలకు సైతం మొక్కలను పంపుతున్నాయి. అక్కడి సంపెంగ, మల్లె, మరువం మొక్కలను బాట పక్కన చేతికందే ఎత్తులో పెంచితే, చూపులేనివారు కూడా స్పర్శతో, పరిమళంతో తోటను ఆనందించగలరు. అన్నిటికంటె ముఖ్యంగా, ప్రణాళిక వేయకముందే దివ్యాంగుల సలహా తీసుకోవాలి.

ముందుగానే యోచించి కట్టిన బాటకు అదనపు వ్యయం స్వల్పం. కట్టినదానిని పగులగొట్టి సరిదిద్దడమే భారం. పైగా ఆ వాలు పసిబిడ్డను తోపుడుబండిలో తెచ్చే తల్లికీ, నిండు గర్భిణికీ, తాతకు చేయూతనిచ్చే మనుమడికీ సమానంగా ఉపకరిస్తుంది. వార్ధక్యం అందరికీ వచ్చేదే. ఈనాడు ఇతరుల కోసమని వేసే బాట మీదనే రేపు తామూ నడవవలసి ఉంటుందని పౌరులు గ్రహించాలి.

కాలువ నీరు చేను పెద్దదా, చిన్నదా అని చూసి పారదు. ఆ నీటి ఒడ్డున వేసే బాట కూడా వచ్చినవారి కాళ్ళను చూసి ఆహ్వానించరాదు.