తాగలేదు మామూ, చూసొచ్చాం అంతే!



పోయిన నెల మా ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో ఉంటున్న మా భాంజా, అతని బేగం, ఇద్దరు పిల్లలు. వెనకాల వరసగా పేర్చిన పెద్ద పెద్ద చెక్క పీపాలు. షరాబ్ పీపాలు. బర్బన్ విస్కీ. తొమ్మిదేళ్ళ చిన్నోడు ఒక పీపా మీద చెయ్యేసి నవ్వుతున్నాడు.

వెంటనే ఫోన్ చేశాను. "ఏంటి బేటా ఇది?" అన్నాను.

"కసమ్‌సే మామూ, ఒక్క చుక్క ముట్టలేదు. అది మ్యూజియం లాంటిది. ఇక్కడి వాళ్ళ విరాసత్. పిల్లలకు తారీఖ్ తెలుస్తుందని తీసుకెళ్ళాం. చివర్లో రుచి చూపించే గది ఉంటుంది, మేం అందులోకి వెళ్ళలేదు. చూసొచ్చాం అంతే!"

అతను ఝూట్ చెప్పడు. పాంచ్ వక్త్ నమాజీ. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తాగేవాడికి సీసా అమ్మడానికి ఇంత ఇమారత్ అక్కర్లేదు, దుకాణం చాలు. ఆ ఇమారత్ కట్టింది తాగనివాడి కోసం. అతని దిల్‌లో షరాబ్ మీద ఉన్న నఫ్రత్‌ని మెల్లగా కరిగించడం కోసం. మా భాంజా షరాబ్ తాగలేదు, నిజమే. కానీ వాళ్ళు పోసిన కహానీ మొత్తం తాగేసి వచ్చాడు.

1999లో కెంటకీ డిస్టిలర్ల సంఘం "బర్బన్ ట్రైల్" పేరుతో ఈ యాత్రకు రూపం ఇచ్చింది. భట్టీ నుంచి భట్టీకి జియారత్ చేసినట్టు తిరగడమే. 2013లో లూయీవిల్ నగరం మెయిన్ స్ట్రీట్‌లో "ఇవాన్ విలియమ్స్ బర్బన్ ఎక్స్‌పీరియన్స్" తెరిచారు. పాతకాలపు గదులు, సెట్టింగులు, సినిమా అన్నీ ఉంటాయి. నూటికి కనీసం 51 పాళ్ళు మొక్కజొన్న ఉండాలని, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలని, కాయిదాలన్నీ శ్రద్ధగా చెబుతారు. ఆ సీసా మీద 1783 అని ఉంటుంది, కెంటకీలో మొదటి భట్టీవాడు ఇవాన్ విలియమ్సే అన్నట్టు. చరిత్రకారులు ఆ దావాను ఒప్పుకోరు. ఇంకో బ్రాండు పేరు ఎలైజా క్రెయిగ్. ఆయన బాప్టిస్ట్ పాదిరీ! పీపా లోపల కాల్చే పద్ధతి ఆయనే కనిపెట్టాడని కథ. దానికీ సబూత్ లేదు. షరాబ్‌కి ఇజ్జత్ కావాలంటే చివరికి ఒక దీన్‌దార్ మనిషి పేరే అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది, చూశారా?

విరాసత్ అంటున్నారు కదా, ఎవరి విరాసత్? ఆ రోజుల్లో కెంటకీ భట్టీల్లో గులాములు పనిచేశారు. పీపాలు దొర్లించింది, కట్టెలు కొట్టింది వాళ్ళు. సీసా మీద పేరు మాత్రం మాలిక్‌ది. పక్క రాష్ట్రం టెన్నెస్సీలో జాక్ డేనియల్‌కి ఆ హునర్ నేర్పిన ఉస్తాద్ నియరెస్ట్ గ్రీన్ ఒక గులామ్. ఆ కంపెనీ ఆయన పేరు దునియా ముందు గట్టిగా చెప్పింది 2016లో. నూట యాభయ్యేళ్ళ జష్న్ చేసుకునే ఏడాది! ఇప్పుడు కొన్ని చోట్ల గులాముల ప్రస్తావన వస్తోంది, మంచిదే. కానీ అదీ చివరికి ఇంకో సీసా మీద లేబుల్‌గా మారుతోంది. జుల్మ్ కూడా అమ్ముడుపోయే సరుకైపోయింది.

ఇంకో మాట వినండి. పీపాల్లోంచి ఏటా కొంత షరాబ్ ఆవిరై గాల్లో కలిసిపోతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దు పేరు "ఏంజెల్స్ షేర్". అంటే ఫరిష్తాల హిస్సా! అస్తగ్‌ఫిరుల్లాహ్. ఆ ఆవిరి ఏ ఫరిష్తా దగ్గరికీ వెళ్ళదు. గోదాముల చుట్టుపక్కల ఇళ్ళ గోడల మీద, చెట్ల మీద వాలుతుంది. దాన్ని తిని ఒక నల్లటి బూజు పెరుగుతుంది. బాడోయినియా అని దాని పేరు. కడిగినా మళ్ళీ వస్తుంది. విసిగిపోయిన పొరుగువాళ్ళు అదాలత్‌కి ఎక్కారు. 2019 జూలైలో జిమ్ బీమ్ గోదాము తగలబడితే దాదాపు 45,000 పీపాలు కాలిపోయాయి. షరాబ్ పారి కెంటకీ నదిలో కలిసింది. చేపలు చచ్చి తేలాయి. ఆ చేపలు ఎవరి హిస్సా?

టూర్‌కి వెళ్ళినవాళ్ళను ఒక్కటే అడుగుతాను. ఆ ఇమారత్‌లో షరాబీ భార్యకు ఒక గది ఉందా? క్యాన్సర్ వార్డు బొమ్మ ఉందా? మద్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1988లోనే తేల్చింది. 2019 ఒక్క ఏడాదిలో మద్యం వల్ల దునియాలో 26 లక్షల మంది మరణించారని అదే సంస్థ లెక్క. తారీఖ్ చెబుతామన్నవాళ్ళు సగం తారీఖ్ చెబితే దాన్ని ఇష్తిహార్ అంటారు.

మిగిలిన సగం కూడా కెంటకీలోనే పుట్టింది. 1846లో అక్కడ పుట్టిన కేరీ నేషన్ అనే ఔరత్‌కు డాక్టర్ భర్త తాగి తాగి చనిపోయాడు. తర్వాత ఆమె గొడ్డలి పట్టుకుని కాన్సాస్‌లో షరాబ్ ఖానాలు పగలగొట్టింది. అందరూ పిచ్చిది అన్నారు. మనకు ఈ కథ కొత్తా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు కేంద్రానికి వచ్చిన ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. గుడిసెల్లో ఉండే కూలి తల్లులు వేలంపాటలు ఆపించారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో హుకూమత్ ఆదాయం కోసం దాన్ని సడలించింది, అది వేరే దుఃఖం. షరాబ్ గురించి మన తెలుగు నేల విరాసత్ ఏదైనా ఉందంటే అది ఆ బహెన్ల చీపురుకట్టే. సారా బట్టీకి మ్యూజియం కట్టి పిల్లలకు టిక్కెట్టు కోస్తామంటే దూబగుంట ఊరుకుంటుందా?

"మామూ, వేలమందికి రోజ్‌గార్ ఇస్తోంది, రైతు మొక్కజొన్న కొంటున్నారు" అన్నాడు భాంజా. బేటా, షరాబ్‌లో ఫాయిదా లేదని మన దీన్ ఎప్పుడూ అనలేదు. ఫాయిదా ఉంది, నష్టం అంతకంటే పెద్దది అని తూకం వేసి చూపించింది. పోసేవాడిని, మోసేవాడిని, అమ్మేవాడిని, దాని ఖీమత్ తినేవాడిని కూడా లెక్కలోకి తెచ్చింది. మరి టిక్కెట్టు కొన్నవాడు ఏ లెక్కలో ఉంటాడు? తాగనందుకు ఖుష్ అయ్యావు, దాని జేబులోకి పైసలు వేసినందుకు ఒకసారి జమీర్‌ని అడుగు.

పెద్దవాళ్ళం మనకు ఈమాన్ గట్టిగానే ఉందనుకుందాం. తొమ్మిదేళ్ళవాడికి? ఇంట్లో హరామ్ అని చెప్పిన వస్తువు దగ్గర అబ్బా, అమ్మీ నవ్వుతూ ఫోటో దిగారు. వాడికి ఏ మాట గుర్తుంటుంది? మాట మర్చిపోతాడు. ఫోటో ఉంటుంది.

పిల్లలకు ఆ నగరం తారీఖ్ చూపించాలనుందా? చూపించండి. ఆ మెయిన్ స్ట్రీట్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ముహమ్మద్ అలీ సెంటర్ ఉంది. 2005లో తెరిచారు. లూయీవిల్‌లో పుట్టిన ఆ నల్లబిడ్డ 1964లో తన పాత పేరును గులామీ పేరని వదిలేసి ముహమ్మద్ అలీ అయ్యాడు. సరిగ్గా అదే 1964లో అమెరికా కాంగ్రెస్ బర్బన్‌ను తమ దేశపు విశిష్ట ఉత్పత్తిగా గుర్తించింది. ఒకే ఏడాది, రెండు విరాసత్‌లు. 2016లో అలీ జనాజా నమాజ్ ఆ ఊళ్ళోనే జరిగింది. కేవ్ హిల్ ఖబ్రస్తాన్‌లో ఆయన ఖబర్ ఉంది. మీరు విమానం దిగే ఏర్‌పోర్టుకే 2019లో ఆయన పేరు పెట్టారు. ఆ పేరున్న గుమ్మంలోంచి దిగి, పిల్లల చెయ్యి పట్టుకుని భట్టీ దారి పడతారా?

మా భాంజా చాలాసేపు ఖామోష్‌గా ఉన్నాడు. తర్వాత "ఫోటో తీసేస్తా మామూ" అన్నాడు. తీసేయకు బేటా, చిన్నోడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పీపాల వెనక ఎవరెవరు ఉన్నారో చెప్పు అన్నాను. వచ్చే ఆదివారం అలీ ఖబర్ దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. ఇన్షా అల్లాహ్.

అల్లాహ్ మన ఔలాద్‌ను హిఫాజత్ చేయుగాక. ఆమీన్.