అంగడి ముంగిటి వెలుగుపలక



సంధ్యవేళ ఏ పట్టణపు బజారున నైనను నాలుగడుగులు నడచితిమా, ఇరుప్రక్కల నున్న అంగళ్లన్నియు మనలను చేయెత్తి పిలుచుచున్నట్లు తోచును. ఒకచోట ఎఱ్ఱని యక్షరములు బారులు తీర్చి పరుగెత్తుచుండును. మఱియొకచోట అద్దము వెనుక తెరమీద నేతిదోసె పొగలు గ్రక్కుచుండును. వస్త్రాలయపు మొగసాలలో నిలువెత్తు పలకమీద పట్టుచీర తనంత తానే మడత విప్పుకొనుచుండును. వర్తకులు వీనిని డిజిటల్ బోర్డులనియు, ఎల్.ఇ.డి. తెరలనియు వ్యవహరించుచున్నారు. మేము వెలుగుపలక లందుము.

ఇది వర్తకుల విషయము, గృహిణుల కేల యని కొందఱనవచ్చును. కాని నేడు మనలో ననేకులు డ్వాక్రా సంఘములలో జేరి, అప్పు తెచ్చి, టిఫిను కొట్లు, పచ్చళ్ల యంగళ్లు, చీరల దుకాణములు నడపుకొనుచున్నారు. తక్కినవారమందఱము కొనువారము. కావున ఈ పలకకు వెనుక నిలుచున్నదియు మనమే, ముందు నిలుచున్నదియు మనమే.

మాకు పరిచితురాలైన యొక సోదరి బస్సుస్టాండు చెంత ఇడ్లీలు, పెసరట్లు అమ్మి ఇద్దఱు బిడ్డలను చదివించుకొనుచున్నది. ఎదుటి వరుసలో క్రొత్త హోటలొకటి వెలసి, దాని నెత్తిన పెద్ద వెలుగుపలక వెలిగెను. ఈమె బేరములు సన్నగిల్లెను. అంతట నామెయు సంఘములో అప్పు తీసికొని యొక పలక పెట్టించెను. నెల తిరిగినను బేరము పెరుగలేదు. వాయిదా మాత్రము వచ్చి కూర్చుండెను. "అమ్మగారూ, అందఱికీ అచ్చివచ్చిన దీపం నాకే ఎందుకు అచ్చిరాలేదండీ?" అని యామె మమ్ము అడిగినది. మేము ఒక యుదయము పోయి ఆ కొట్టు ముందు బల్లపై గూర్చుంటిమి.

మొదట మాకు గనబడిన లోపము అక్షరములలో నున్నది. చిన్న దుకాణముల వారు సాధారణముగా గొను పలకను పి-10 అందురు. దానిలో దీపపు చుక్కకును చుక్కకును నడుమ 10 మిల్లీమీటర్ల యెడముండును. ఒక్కొక్క ముక్క 32 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల యెత్తు. అనగా అడ్డముగా 32 చుక్కలు, నిలువున 16 చుక్కలు. ఇంగ్లీషు అక్షరమున కీ 16 వరుసలు చాలును. మన తెలుగక్షరమునకో, పైన గుడియో తలకట్టో యుండును, క్రింద వత్తుండును. ఇవన్నియు 16 వరుసలలో నిఱికించినచో ఒకదానిపై నొకటి పడి నలిగిపోవును. ఆ సోదరి పలకలో "పెసరట్టు" అను మాటలోని వత్తు కేవల మొక ఎఱ్ఱని మచ్చయై యుండెను. పైగా నా మాటలు పరుగెత్తుచుండెను. బస్సు దిగినవాడు తలయెత్తి చూచునంతలో మాట వెళ్లిపోయి తోకమాత్రము మిగులుచుండెను. తెలుగున వ్రాయదలచినవారు ముక్కలను రెండంతస్తులుగా బెట్టించి 32 వరుసలు గలుగునట్లు చూచుకొనవలెను. మాటలను బరుగెత్తింపక నిలిపి చూపవలెను. అమ్మినవా డీ సంగతి యామెకు జెప్పలేదు.

రెండవ లోపము ఇంతకంటె గొప్పది. తొమ్మిదిన్నర గంటలకు పెసరపిండి యైపోయెను. పలకమీద మాత్రము "వేడి వేడి పెసరట్టు ఉప్మా" యని తిరుగుచునే యుండెను. ఒక వృద్ధుడు భార్యను చేయిపట్టుకొని మెట్లెక్కించి తెచ్చి, రెండు పెసరట్లిమ్మనెను. "అయిపోయాయండీ బాబాయిగారూ" అనినది మన సోదరి. "బోర్డు మీద ఉంది గదా తల్లీ?" అని యాయన యడిగెను. "అది ఊరికే తిరుగుతుంటుందండీ" అని యామె యనెను. ఆయన కోపపడలేదు. "అయితే ఇక్కడ మాట ఊరికే తిరుగుతుందన్న మాట" అని, భార్యను మెల్లగా మెట్లు దింపుకొని, ఎదుటి హోటలునకు బోయెను. ఆ సోదరి మొగము చిన్నబోయినది. ఆమె యప్పు తెచ్చి పెట్టించినది దీపమును గాదు, తన మాటను. ఆ మాటయే యప్పుడు కల్లయైనది.

వెలుగుపలక గొప్పతన మెందున్నదో ఇచట దెలియుచున్నది. వెలుగే గొప్పయైనచో నియాన్ దీపములకు నూఱేండ్లు దాటినవి. 1910లో పారిసు ప్రదర్శనమున జార్జి క్లాడ్ వానిని లోకమునకు జూపెను. కాని గాజుగొట్టమును వంచి చేసిన యక్షరము మారదు. చుక్కల పలక యట్టిది కాదు. ఎఱ్ఱని దీపపు చుక్కను 1962లో నిక్ హోలోన్యాక్ సాధించెను. నీలిచుక్క కుదరక తెల్లని వెలుగును, సర్వవర్ణచిత్రములును చాలకాలము సాధ్యము గాలేదు. 1990వ దశకపు మొదటి యేండ్లలో జపాను శాస్త్రజ్ఞులు దానిని సాధించిరి. అకసాకి, అమానో, నకమురా లనువారల కిందులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమాన మీయబడెను. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము కలిసిన పిదప ఏ చుక్క నెప్పుడైనను ఏ రంగున నైనను వెలిగింపవచ్చును. అనగా పలక చెప్పుమాటను క్షణములో మార్చవచ్చును. మార్చగలిగియు మార్చకుండుటయే మన సోదరి చేసిన పొరపాటు.

ఇట్టి పలక పెట్టదలచు సోదరీమణులు మఱికొన్ని సంగతులు గమనింపవలెను. కొట్టులోపల తెరగా నింటి టెలివిజనునే వ్రేలాడదీయుట చూచుచున్నాము. ఇంటి టెలివిజను రోజునకు కొన్ని గంటల వాడుకకు జేసినది. దుకాణపు తెరలు 16 గంటలు గాని, రాత్రింబవళ్లు గాని వెలుగుటకు జేయబడును. తెర కాంతిని నిట్లలో గొలుతురు. నీడపట్టున 300 నిట్లు మొదలు 500 నిట్ల వఱకు చాలును. ఎండకెదురుగా నున్న కిటికీలో 2,500 నిట్లు లేనిదే మనమొగమే యందు గనబడును. ఇక విద్యుత్తు: తెర 100 వాట్లదై, రోజునకు 12 గంటలు వెలిగినచో 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు ఖర్చగును. దీనిని దుకాణపు రేటుతో గుణించి, వాయిదాకు గలిపి, ఆ సొమ్ము రాబట్టుటకు దినమున కెన్ని యిడ్లీలు అదనముగా నమ్మవలెనో ముందు కాగితముపై లెక్క వేసికొనుడు. లెక్క కుదరనిచో చక్కని దస్తూరితో వ్రాసిన నల్లబల్లయు సుద్దముక్కయు చాలును. అది సిగ్గుపడదగినది కాదు.

ఒక తెరపై ఆఱేడు వంటకములకంటె నెక్కువ వ్రాయరాదు. వానిప్రక్క వెలలు కదలక నిలిచి యుండవలెను. పుట మారువఱకు గిరాకి నిలువబడి వేచియుండడు. బొమ్మలు మీరు వండినవే కావలెను గాని, ఎక్కడనో తీసిన బొమ్మలు కారాదు. ఉదయమున ఫలహారములు, మధ్యాహ్నమున భోజనము, సాయంకాలమున మిరపకాయ బజ్జీలు వేళకు దగినట్లు చూపుడు. రాత్రి యైనపిమ్మట వెలుగు తగ్గింపుడు. మీ పలక బండి తోలువాని కన్నులు గప్పరాదు. ఎదురింటి పసిబిడ్డ నిద్ర చెఱుపరాదు. వీథిలోనికి బొడుచుకొని వచ్చు పలకను బెట్టుటకు ముందు పురపాలక సంఘమువారి నడిగి యనుమతి పొందుడు.

ఇక కొనువారి పక్షము. మార్పదగిన పలక సత్యము జెప్పుట కెంత యనుకూలమో, వెల మార్చి మరులు గొల్పుట కంత యనుకూలము. 2019లో మెక్డొనాల్డ్స్ సంస్థవారు వేళను, వాతావరణమును బట్టి తెరలపై వంటకములను మార్చి చూపు విద్యగల యొక సంస్థను సుమారు 30 కోట్ల డాలర్లకు గొనిరి. 2022లో దానిని మాస్టర్‌కార్డువారి కమ్మివేసిరి. ఎండనాడు చల్లని పానీయము ముందు చూపుట తప్పు గాదు. కాని 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని వెండీస్ సంస్థాధిపతి, రెండుకోట్ల డాలర్లతో డిజిటల్ పలకలు పెట్టి వేళను బట్టి వెలలు మార్చి చూతుమని పలుకగనే ప్రజలలో గొప్ప యలజడి పుట్టెను. ఆకలివేళ కెక్కువ వెల గుంజుదురా యని యందఱు నడిగిరి. రద్దీవేళ వెల పెంచుట తమ యుద్దేశము గాదని సంస్థవారు వెంటనే సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. ప్రజ లడిగినందుననే యా సంజాయిషీ వచ్చెను. కావున అడుగుట నేర్చుకొందము.

మన దేశమున నడుగుటకు జట్టము తోడున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో నమలునకు వచ్చెను. మోసపుచ్చు ప్రకటన చేసినవారిపై కేంద్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వఱకును, మరల చేసినచో 50 లక్షల వఱకును జరిమానా విధింపవచ్చును. హోటలువారు బిల్లులో సేవాశుల్కమును తమంత తాము చేర్చరాదని 2022 జూలైలో నా సంస్థ మార్గదర్శకములు వెలువరించెను. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వానిని సమర్థించెను. పది గాని అంతకు మించి గాని శాఖలున్న హోటళ్లు ప్రతి వంటకము ప్రక్కను దాని కేలరీలు చూపవలెనని 2020 నాటి ఆహార నియమములు చెప్పుచున్నవి. మధుమేహమున్న వారి యిండ్లలో నీ యంకె ఎంత యుపయోగకరమో చెప్పనక్కఱలేదు. పలకమీది వెల యొకటియు బిల్లులోని వెల మఱియొకటియు నైనచో మొదట మర్యాదగా నడుగుడు. వినకున్న 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును.

ఇంతకును మా సోదరి యేమి చేసినది? క్రొత్త పలక కొనలేదు. పాతదానికి మఱికొన్ని ముక్కలు చేర్చి రెండంతస్తులు చేయించినది. ఇంటర్మీడియెటు చదువుచున్న పెద్దకూతురు బడికి బోవుటకు ముందే ఆనాటి మాటలు ఫోనునుండి మార్చిపోవును. పెసరట్లకు వేరుగా నొక చిన్న పలక గట్టి, దాని మీట పెనము ప్రక్కనే యుంచుకొన్నది. పిండి గిన్నె యడుగు కనబడినంతనే గరిటె క్రింద పెట్టి, ఆ మీట నార్పివేయును. బేరము రెట్టింపైనదని మేము చెప్పజాలము. వాయిదాలు మాత్రము తప్పక కట్టుచున్నది. మేము మొన్న పోయినపుడు, "అది వెలుగుతుంటే పిండి ఉన్నట్టేనమ్మా" అని బస్సు కండక్టరొకడు ప్రక్కవానితో జెప్పుచుండగా వింటిమి.

చిన్ననాడు మన చేతికి బలక నిచ్చి, తప్పు వ్రాసిన తుడిచి సరిగా వ్రాయుమని పెద్దలు నేర్పిరి. ఈ పలకకును అదియే నీతి. ఇట్టి యంగళ్లు నడపు సోదరీమణులు తమ యనుభవములను మాకు వ్రాసి పంపినచో, రాబోవు మాసములలో సంతోషముతో బ్రకటింతుము.