సూర్యుడు కనిపిస్తేనే మాట్లాడే ఉపగ్రహం

కారులో మనకి దారి చెప్పే జీపీఎస్‌కి ఒక పెద్దక్క ఉంది, తెలుసా? పేరు ట్రాన్సిట్. అమెరికా నౌకాదళం తన జలాంతర్గాములు సముద్రంలో ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి పెట్టుకున్న ఉపగ్రహాల వ్యవస్థ ఇది. 1964లో వాడకంలోకి వచ్చింది. 1967లో మామూలు ఓడలకీ అనుమతి ఇచ్చారు. జీపీఎస్ వచ్చాక దీని అవసరం తీరిపోయి, 1996 డిసెంబరుతో దారి చూపించే పని ఆపేశారు.

పని ఆగిపోయింది కానీ ఉపగ్రహాలు ఎక్కడికి పోతాయి? చాలావరకు పైనే తిరుగుతున్నాయి. వాటిలో 1964 డిసెంబరులో పంపిన ట్రాన్సిట్ 5బి-5 కథ తమాషాగా ఉంటుంది. దాని బ్యాటరీలు ఏనాడో పోయాయి. కానీ ఎండ తగిలినప్పుడు సోలార్ పలకల నుంచి కరెంటు వచ్చి ట్రాన్స్‌మిటర్ దానంతటదే మేలుకుంటుంది. భూమి నీడలోకి వెళ్తే మళ్లీ మూగబోతుంది. రేడియో అభిరుచి ఉన్నవాళ్లు ఇలాంటివాటికి ముద్దుగా ‘జాంబీ ఉపగ్రహాలు’ అని పేరు పెట్టారు.

ఈ సంగతి చెప్పగానే మా పక్క అపార్ట్‌మెంట్ చెల్లెలు, "ఎండ తగిలితేనే మాట్లాడుతుందా అక్కా? ఈ చలికాలంలో అచ్చం నాలాగే!" అంది. నవ్వుకున్నాం కానీ, ఆ మాటల్ని వినడం మనం ఇంట్లో కూర్చుని చేయగల పనే. ఎలాగో చెప్తాను.

ముందు కాస్త కథ. ట్రాన్సిట్‌ని తయారుచేసింది మేముండే మేరీలాండ్ రాష్ట్రంలోనే, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబొరేటరీలో. 1957 అక్టోబరులో రష్యావాళ్లు స్పుత్నిక్‌ని ఎగరేసినప్పుడు, అక్కడి ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలు, విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్, దాని బీప్ బీప్ శబ్దాన్ని రేడియోలో పట్టుకున్నారు. ఉపగ్రహం దగ్గరికొస్తుంటే ఫ్రీక్వెన్సీ కొంచెం ఎక్కువగా, దూరమవుతుంటే తక్కువగా వస్తోంది. మన ఊరి స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ కూత గుర్తుందా? వస్తున్నప్పుడు సన్నగా, మనల్ని దాటగానే బొంగురుగా. అదే డాప్లర్ ప్రభావం. ఆ మార్పుని లెక్కగట్టి, ఉన్నచోటి నుంచి కదలకుండా స్పుత్నిక్ ఏ దారిలో తిరుగుతోందో వాళ్లు చెప్పేశారు.

మరుసటి ఏడాది వాళ్ల పై అధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్‌కి దానికి తిరగేసిన ఆలోచన వచ్చింది. మనం ఎక్కడున్నామో తెలిస్తే ఉపగ్రహం దారి తెలుస్తోంది కదా, మరి ఉపగ్రహం దారి ముందే తెలిస్తే మనం ఎక్కడున్నామో తెలియాలి! ట్రాన్సిట్ పుట్టుక అక్కడే.

ఇప్పుడు మన వంతు. కావలసినవి మూడే. ఒకటి, ల్యాప్‌టాప్. రెండు, పెన్‌డ్రైవ్‌లా యూఎస్‌బీలో పెట్టుకునే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న రేడియో. దాని సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మూడు, యాంటెన్నా. ఒక్కోటి సుమారు 53 సెంటీమీటర్లున్న రెండు కడ్డీలని ‘వి’ ఆకారంలో పెట్టుకుంటే చాలు. అమెరికాలో ఇలా వినడానికి మాత్రమే అయితే లైసెన్సు అక్కర్లేదు. గల్ఫ్‌లోనూ ఇతర దేశాల్లోనూ ఉన్నవాళ్లు మాత్రం పరికరం తెప్పించుకునే ముందు అక్కడి నిబంధనలు కనుక్కోండి.

అది ఎప్పుడొస్తుందో తెలుసుకోవడం ఇంకా తేలిక. జీప్రెడిక్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహం పేరు, మన ఊరు ఇస్తే, ఏ దిక్కున ఎన్ని గంటలకు తేలుతుందో నిమిషంతో సహా చెప్తుంది. ఇది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో, ధ్రువాల మీదుగా, సుమారు 106 నిమిషాలకొకసారి భూమిని చుట్టి వస్తుంది. కాబట్టి మనకి ఉత్తరం నుంచో దక్షిణం నుంచో వస్తుంది. నెత్తిమీదుగా వెళ్తే పదిహేను నిమిషాల దాకా దొరుకుతుంది. రేడియోని 136.650 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి. సంకేతం మరీ బలంగా ఉండదు. చుట్టూ భవనాలు లేని చోటైతే మేలు.

నేను మా బాల్కనీలో పెట్టి చూసినప్పుడు, స్క్రీన్ మీద సన్నటి గీత ఒకటి మొదలై మెల్లగా పక్కకి వంగుతూ పోయింది. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి చూసి, "అమ్మా, చచ్చిపోయిందన్నావు కదా, మరి ఎవరితో మాట్లాడుతోంది?" అనడిగింది. "ఎవరు వింటే వాళ్లతో" అన్నాను. ఆ గీత ఎందుకు వంగుతోందో కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. బీఎస్సీలో మార్కుల కోసం రాసిన సూత్రమే అది. వేగమూ ఎత్తూ వేసి లెక్కగడితే ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ దాదాపు మూడేసి కిలోహెర్ట్జ్‌లు మారాలి. అలాగే మారింది.

మనవాళ్లు కలిసినప్పుడల్లా "చదివిందంతా ఎప్పుడో మర్చిపోయామండీ" అనే మాట వింటూనే ఉంటాను. వీసా కాగితం మీద ‘డిపెండెంట్’ అని ఉంటుంది, సర్టిఫికెట్లు సూట్‌కేసు అడుగున ఉంటాయి. ఉద్యోగం చేయడానికి అనుమతి కావాలి, నిజమే. తెలిసినదాన్ని సరిచూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పక్కన కూర్చున్న పిల్లలకి అమ్మ చదువు అప్పుడే కనిపిస్తుంది.

చచ్చినదాని వెంటపడటం ఎందుకని అడిగేవాళ్లూ ఉంటారు. 2009 ఫిబ్రవరిలో పనిచేయని రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251, పనిచేస్తున్న ఇరిడియం 33ని గుద్దుకుంది. రెండూ వేల ముక్కలయ్యాయి. అందుకే పాతవి ఎక్కడున్నాయో రాడార్లతో గమనిస్తూనే ఉంటారు. మనం దారి వెతుక్కునేది ఆ సమాచారంతోనే. ట్రాన్సిట్ ఉన్న ఎత్తులో గాలి దాదాపు ఉండదు కాబట్టి, అది కిందికి దిగిరావడానికి వందల ఏళ్లు పడుతుంది. మన మునిమనవలకీ అది కనపడకుండా నెత్తిమీద తిరుగుతూనే ఉంటుంది.

ఈ నెల వీలు చూసుకుని ప్రయత్నించండి. విన్నవాళ్లు ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర విన్నారో నాకు రాయండి. 136.653 అని రాస్తే అది మీకు ఎదురొస్తున్నప్పుడు విన్నారనీ, 136.647 అని రాస్తే మిమ్మల్ని దాటి వెళ్లిపోతున్నప్పుడు విన్నారనీ ఇక్కడ కూర్చునే చెప్పేస్తాను.